కోఠీ రెసిడెన్సీ లాంటి స్తంభాలు గుంటూరులో కట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో మీ సహకార పరపతి సంఘానికి సొంత హెడ్డాఫీసు కడుతున్నారు. రోడ్డు వైపు 60 అడుగులు, లోపలికి 110 అడుగులు, పడమర ముఖం, గ్రౌండ్ మీద రెండంతస్తులు. కమిటీ వాళ్ళు హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీ ఉమెన్స్ కాలేజీలో (ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం) పాత బ్రిటిష్ రెసిడెన్సీ చూసి, ఫోన్ నిండా ఫోటోలు తీసుకొచ్చి, మన ముందు భాగం కూడా అచ్చం ఇలాగే రావాలని పట్టుబడుతున్నారు. ఆర్కిటెక్టేమో కుదరదంటున్నాడు. మధ్యలో మీరు సెక్రటరీ కాబట్టి ఇద్దరి మాటా పడుతున్నారు. అవి రాతి స్తంభాలా, అది వైట్‌హౌస్‌కి కాపీ అంటారు నిజమేనా, మన సైటులో కట్టొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రాయి కాదు, ఇటుక, డంగు సున్నం. వైట్‌హౌస్‌కి కాపీ కాదు, తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. కట్టొచ్చా అంటే, ఆరు స్తంభాలూ పైన ముక్కోణమూ మీ సైటులో కుదరవు, మీ ఆర్కిటెక్టు చెప్పింది నిజమే. నాలుగు స్తంభాలతో, ముక్కోణం లేకుండా, గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తుకే ఆపేస్తే బ్రహ్మాండంగా కుదురుతుంది. నేను బెజవాడలో సివిల్ ఇంజనీర్ని, ఎక్కువగా పాత సున్నపు కట్టడాల రిపేర్లే చేస్తుంటాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కొత్తగా ఇలాంటి పిల్లర్లు పెట్టుకుని తర్వాత నన్ను పిలిచినవాళ్ళూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. లెక్కలు ఉన్నాయి, ఓపిగ్గా చదవండి, కమిటీలో చూపించడానికి పనికొస్తాయి.

మొదట ఆ కట్టడం సంగతి. అది ఎవరి ఇల్లో కాదు, పేరుకు ఇల్లే అయినా అసలు ఈస్టిండియా కంపెనీకి నిజాం దగ్గర ఉన్న హెడ్డాఫీసు. రెసిడెంట్, అంటే నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో 1803లో మొదలుపెట్టారు, ఆయన 1805లో కలకత్తాలో చనిపోయాడు, పని ఆ తర్వాత పూర్తయింది. డిజైన్ చేసింది కంపెనీ సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్స్‌లో లెఫ్టినెంట్‌గా ఉన్న శామ్యూల్ రసెల్. ఖర్చు నిజాం ఖజానాది, పటాటోపం కంపెనీది. నెత్తిన ముక్కోణంలో కంపెనీ రాజముద్ర, మెట్లకి అటూ ఇటూ రెండు పెద్ద సింహాలు, అదంతా దర్బారుకి వచ్చే హైదరాబాదు అమీరులకి మనం ఎవరమో చూడండి అని చెప్పడానికే. మన గుంటూరుకీ ఆ ఆఫీసుకీ పాత లంకె కూడా ఉంది. 1788లో గుంటూరు సర్కారుని, అంటే అప్పటి గుంటూరు ప్రాంతాన్ని, నిజాం దగ్గర నుంచి కంపెనీకి రాబట్టే పని మీద హైదరాబాద్ వెళ్ళిన జాన్ కెన్నవే అక్కడ రెసిడెంటయ్యాడు. అప్పటికి ఈ భవనం లేదు కానీ ఉద్యోగం అదే. మీ ప్రెసిడెంట్ గారికి ఈ ముక్క నచ్చుతుందనుకుంటాను.

స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ వేయించిన ప్లాను చాలా పెద్ద కాగితం మీద ఉండేసరికి నిజాం అలీ ఖాన్ కంగారుపడి కాదన్నాడనీ, అదే ప్లానుని చిన్న కార్డు మీద గీయించి చూపిస్తే వెంటనే సరేనన్నాడనీ ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ, క్లయింటుకి ప్లాను ఏ సైజులో చూపించాలో తెలిసినవాడు మాత్రం.

వైట్‌హౌస్ సంగతి. వాషింగ్టన్‌లో ఆ ఇంటికి 1792లో శంకుస్థాపన చేశారు, 1800 నుంచి ప్రెసిడెంట్లు ఉంటున్నారు, జేమ్స్ హోబన్ డిజైను. కానీ మనం ఫోటోల్లో చూసే స్తంభాల వసారాలు అప్పుడు లేవు. దక్షిణం వైపుది 1824లో, ఉత్తరం వైపుది 1829-30లో కట్టారు. కోఠీలో ఆరు స్తంభాలు అంతకి ఇరవై ఏళ్ళ ముందే నిలబడ్డాయి. పైగా వైట్‌హౌస్‌వి అయోనిక్ స్తంభాలు, నెత్తి మీద చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కోఠీవి కొరింథియన్, నెత్తి మీద ఆకుల గుత్తి. రెండూ ఒకేలా కనపడటానికి కారణం రెండింటి మూలం ఒకటే కావడం. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి, అంటే ఇటలీలో పూడిపోయిన పాత రోమన్ ఊళ్ళ తవ్వకాలు మొదలయ్యాక యూరప్ అంతా పాత రోము, గ్రీకు గుడుల మీద పడింది. అంతకుముందే 1570లో ఇటలీవాడు పల్లాడియో కొలతలతో సహా పుస్తకం అచ్చేసి పెట్టాడు. ఆ తర్వాత ఇంగ్లండులో బొమ్మల పుస్తకాలు బోలెడు వచ్చాయి. కలకత్తాలో గవర్నమెంట్ హౌస్ ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాల్‌ని చూసి చార్లెస్ వయట్ గీసిందే, 1803కి పూర్తయింది. మద్రాసులో ఇప్పటి రాజాజీ హాలు 1802 నాటిది, దాన్ని గీసిన జాన్ గోల్డింగ్‌హామ్ అసలు వృత్తికి మద్రాసు అబ్జర్వేటరీలో నక్షత్రాలు చూసే మనిషి. అంటే పుస్తకం దగ్గర పెట్టుకుని కొలతలు తప్పకుండా గీస్తే ఖగోళం చదివినవాడైనా ఒప్పించగలిగాడు. ఆ కొలతలే ఇక్కడ అసలు విషయం, దానికి వస్తున్నాను.

ముందు రాయి సంగతి తేల్చేద్దాం. రాతి స్తంభాలు చూడాలంటే మద్రాసు సెయింట్ జార్జి కోటకి వెళ్ళండి. 1953 అక్టోబరు దాకా మన జిల్లాలని ఏలిన సెక్రటేరియట్ అక్కడే కదా, అక్కడివి పల్లావరం నల్లరాయి స్తంభాలు. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నప్పుడు వాటిని పీకి పాండిచ్చేరికి పట్టుకుపోయారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరిని పట్టుకుని 1762లో వెనక్కి తెచ్చుకున్నారు. రాయి కాబట్టి పీకి తెచ్చుకోవడానికి కుదిరింది. కోఠీవి అలా కాదు. ఇటుకని గుండ్రంగా పేర్చి, మీద సున్నం పూతలు వేసి, పాలరాయిలా మెరిసేట్టు నున్నగా పాలిష్ పట్టారు.

ఈ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే సున్నం రాలిపోయిన ఏ పాత సర్కారు కచేరీ ఆఫీసు స్తంభం దగ్గరకైనా వెళ్ళండి. అడుగు భాగంలో పెచ్చు ఊడిన చోట ఇటుకలు కనపడతాయి, ఇప్పటి ఇటుకలో సగం మందం కూడా ఉండవు, అంచులు గుండ్రంగా చెక్కి ఉంటాయి. వాటి మీద మొదటి పూత కాస్త ఎర్రగా ఉంటుంది, అందులో ఇటుక పొడి, అదే సుర్కీ, కలిపారు. దాని మీద తెల్లటి పూత. ఆ పైన గోరంత మందం కూడా లేని ఆఖరి పూత, అది గుల్ల సున్నం. అందులో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు లాంటివి కలిపి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దేవాళ్ళు. సున్నాన్ని గానుగలో ఎడ్లతో తొక్కించి, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి నానబెట్టేవాళ్ళు. వేలితో కొట్టి చూస్తే గట్టిగా ఉన్నచోట చప్పుడు రాదు, లోపల పూత వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. నేను రిపేరుకి వెళ్తే ముందు చేసే పని అదే, స్తంభం చుట్టూ తిరుగుతూ కొట్టుకుంటూ పోయి డొల్ల ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీస్తాను.

అందుకే మీరు రెండోసారి అడిగిన ప్రశ్నకి, అంటే 'అదే సున్నం ఇప్పుడు చేయించొచ్చా' అన్నదానికి, చేయించొచ్చు అనే చెప్తాను. సున్నానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, పిడుగురాళ్ళ పక్కనే ఉంది. మేస్త్రీలు దొరకడమే కష్టం, టైము కూడా మూడింతలు. కొత్త ఆర్‌సీసీ స్తంభానికి నేనైతే సిఫార్సు చెయ్యను, మామూలు ప్లాస్టరింగ్ చేసి తెల్లరంగు వేసుకోండి. కానీ పాత సున్నపు కట్టడం మీద సిమెంటు మాత్రం వెయ్యకండి. కృష్ణా డెల్టాలో ఒక పాత ఆఫీసులో నాకంటే ముందు పని చేసిన కాంట్రాక్టరు సున్నం రాలిన స్తంభాలకి శుభ్రంగా సిమెంటు ప్లాస్టరింగ్ చేసి పెయింటు కొట్టి వెళ్ళాడు. నేల చెమ్మ ఇటుకలోకి పాకుతుంది కదా, సున్నమైతే దాన్ని బయటికి ఆరనిస్తుంది, సిమెంటు ఆరనివ్వదు. చెమ్మ లోపలే పైపైకి పాకి, ఉప్పు పూసి, నాలుగడుగుల ఎత్తున స్తంభం చుట్టూ ఉబ్బింది. నేను ఊడదీస్తే లోపల ఇటుక చేత్తో నలిపితే పొడి అయ్యేట్టుంది. పైన సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక లెక్కకి వద్దాం. ఈ స్తంభాల పద్ధతిలో అన్ని కొలతలూ స్తంభం అడుగున ఉండే వ్యాసం నుంచే పుడతాయి. అడుగులు, అంగుళాలు తర్వాత. ఇటలీవాడు విన్యోలా ఇచ్చిన లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: ఆకులూ చుట్టలూ ఏవీ లేని సాదా టస్కన్ స్తంభం ఎత్తు వ్యాసానికి 7 రెట్లు, డోరిక్ 8, అయోనిక్ 9, కొరింథియన్ 10. స్తంభాల మీద అడ్డంగా పడే పట్టీ, దాన్ని ఎంటాబ్లేచర్ అంటారు, స్తంభం ఎత్తులో నాలుగో వంతు. స్తంభాల మధ్య ఖాళీకి రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ విట్రూవియస్ చెప్పిన సూత్రం ఉంది. పక్క ఖాళీలు రెండుంబావు వ్యాసాలు, ద్వారం ఎదురుగా నడిమి ఖాళీ మూడు వ్యాసాలు. ఎప్పుడూ సరి సంఖ్యలోనే స్తంభాలు, బేసి పెడితే గుమ్మానికి ఎదురుగా స్తంభం వచ్చి కూర్చుంటుంది (మన వాస్తు మేస్త్రీలు కూడా ఇది ఒప్పుకోరు, ఇక్కడ మాత్రం రోముకీ గుంటూరుకీ పేచీ లేదు).

ఆరు స్తంభాలకి లెక్క కడదాం. ఆరు వ్యాసాలు స్తంభాలకే పోయాయి. పక్క ఖాళీలు నాలుగు, ఒక్కోటి రెండుంబావు చొప్పున 9. నడిమిది 3. మొత్తం 18 వ్యాసాలు. మీ సైటు 60 అడుగులు, పక్కల సెట్‌బ్యాకులు, అంటే ఖాళీగా వదలాల్సిన జాగా, వదిలాక ముందు వసారాకి 36 అడుగులు తీసుకుంటే వ్యాసం 2 అడుగులు వస్తుంది. కొరింథియన్ కాబట్టి స్తంభం 20 అడుగులు. పైన పట్టీ 5 అడుగులు. ఆ పైన ముక్కోణం, పల్లాడియో లెక్కలో వెడల్పుకి తొమ్మిదింట రెండొంతులు, అంటే 8 అడుగులు. మొత్తం 33, కింద బేస్‌మెంట్ ఎత్తు, అంటే నేల నుంచి గుమ్మం దాకా, ఓ 5 అడుగులు వేసుకుంటే 38. మీ బిల్డింగు మూడు స్లాబులు ఒక్కోటి పదిన్నర చొప్పున ముప్పై ఒకటిన్నర, పిట్టగోడతో ముప్పై నాలుగున్నర, దానికి బేస్‌మెంటు కలిపితే ఇంచుమించు అదే ఎత్తు.

కమిటీ పెద్దలు ఇక్కడే ఉత్సాహపడిపోతారు, చూశారా సరిపోయింది అని. ఆగమనండి. ఆ 5 అడుగుల పట్టీ ఎక్కడ పడుతోందో చూడండి, 20 నుంచి 25 అడుగుల మధ్య. మీ రెండో అంతస్తు నేల 21 దగ్గర. అంటే పట్టీ ఆ అంతస్తు కిటికీల కింది భాగం మింగేస్తుంది, దాని మీది ముక్కోణం మిగతాది మింగేస్తుంది. రోడ్డు వైపు రెండో అంతస్తుకి వెలుతురూ గాలీ ఉండవు. కోఠీలో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ స్తంభాల వెనక రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు ఉంది, ముందు భాగం ఎంత ఎత్తో లోపలి గది కూడా అంత ఎత్తు. మీ ఆఫీసులో స్తంభాల వెనక పేర్చిన మూడు మామూలు గదులే.

సరే, స్తంభాలని మూడో స్లాబు దాకా లేపుదాం అంటారా. 31.5 అడుగుల స్తంభానికి వ్యాసం 3.15 అడుగులు కావాలి, దాన్ని 18తో గుణిస్తే దాదాపు 57 అడుగులు. మీ సైటే 60. పక్కల సెట్‌బ్యాకులకి మిగిలింది చెరో అడుగున్నర, ప్లాను ఎవరూ పాస్ చెయ్యరు.

అందుకని జనం ఏం చేస్తున్నారంటే, వెడల్పు 36 అలాగే ఉంచి, ఎత్తు మాత్రం 31 చేసి, పిల్లరు 15 అంగుళాలు పెడుతున్నారు. ఇంజనీరింగ్ లెక్కలో 15 అంగుళాల ఆర్‌సీసీ ఆ బరువు మోయగలదు, అందులో సందేహం లేదు. కానీ ఎత్తు వ్యాసానికి పాతిక రెట్లు అయింది. ఉండాల్సింది పది. కంటికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది, ఏం తప్పిందో చెప్పలేరు గానీ వెదురు బొంగులు పాతినట్టుందని దారిన పోయేవాడు కూడా అంటాడు. మన దగ్గర బందరు రోడ్డు మీదా, గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట వైపూ తిరిగేటప్పుడు స్తంభాలున్న ఎలివేషన్ ఏది కనపడినా ఒక్కసారి ఎత్తుని వ్యాసంతో భాగించి చూడండి, ఎందుకు బాగుందో ఎందుకు బాలేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఎత్తు, వెడల్పు అయ్యాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు లోతు. కోఠీలో మీరు చూసి ముచ్చటపడింది స్తంభాలనే అనుకుంటున్నారు, నన్నడిగితే మీకు నచ్చింది వాటి వెనక ఉన్న నీడ. గోడకీ స్తంభానికీ మధ్య మనుషులు నిలబడి మాట్లాడుకునేంత చోటు ఉండబట్టి, ఆ చోటు నల్లగా కనపడబట్టి, తెల్లటి స్తంభం ముందుకొచ్చి నిలబడుతుంది. గోడకి మూడడుగుల దూరంలో స్తంభాలు పెడితే ఆ నీడ రాదు, గోడకి అతికించిన బొమ్మల్లా ఉంటాయి. కనీసం 12 అడుగుల లోతు కావాలని నేను చెప్తుంటాను. దాని ముందు మెట్లు: బేస్‌మెంట్ 5 అడుగులైతే ఆరంగుళాల మెట్లు పది, మెట్టుకి అడుగు చొప్పున పదడుగులు. మొత్తం 22 అడుగులు, ముందు సెట్‌బ్యాక్ కాకుండా. మీ 110లో ఇంత ముందే పోతే కౌంటర్లకీ స్ట్రాంగ్‌రూముకీ పార్కింగుకీ ఏం మిగులుతుందో మీ ఆర్కిటెక్టు లెక్కేసి ఉంటాడు, అందుకే కుదరదన్నాడు.

ఇంకొకటి, మీరు ప్రశ్నలో రాయలేదు కానీ తప్పకుండా చూడాల్సింది. 5 అడుగుల బేస్‌మెంటుకి ర్యాంపు కట్టాలి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు చొప్పున 60 అడుగుల ర్యాంపు, మధ్యలో ల్యాండింగులు అదనం. పరపతి సంఘం అంటే పెన్షనర్లు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు రోజూ వచ్చే చోటు. బొంబాయి టౌన్‌హాలు చూశారో లేదో, 1833లో థామస్ కౌపర్ కట్టింది, ఎనిమిది డోరిక్ స్తంభాలు, ముందు 30 మెట్లు, చూడటానికి మహా గొప్పగా ఉంటుంది, ఎక్కేవాడికే తెలుస్తుంది. రాజ్యాన్ని చూపించడానికి మెట్లు పనికొస్తాయి, డిపాజిట్లు కట్టించుకోవడానికి కాదు.

ఎండ సంగతి కూడా. కోఠీ ముఖం ఉత్తరం, అక్కడి వసారాలోకి ఎండ దాదాపు రాదు. మీది పడమర. 20 అడుగుల ఎత్తు, 12 అడుగుల లోతు ఉన్న వసారాలోకి మే నెలలో మధ్యాహ్నం రెండు దాటితే ఎండ గోడ అడుగుదాకా వచ్చేస్తుంది. అదే లోతుకి ఎత్తు 14 అడుగులే ఉంటే ఇంకో అరగంటో ముప్పావుగంటో ఆగుతుంది, పైన వెదురు తెరలు వేలాడదీసుకోవడానికి కూడా అందుతుంది. గుంటూరు ఎండలో ఆ మాత్రం కూడా ఎక్కువే.

కాబట్టి నా సలహా. నాలుగు స్తంభాలు, టస్కన్, వ్యాసం 2 అడుగులు. నాలుగు వ్యాసాలు స్తంభాలకి, రెండు పక్క ఖాళీలకి నాలుగున్నర, నడిమిది మూడు, మొత్తం పదకొండున్నర. అంటే 23 అడుగుల వెడల్పు, మీ 60 అడుగుల ముఖానికి మధ్యలో చక్కగా కూర్చుంటుంది. ఎత్తు 7 రెట్లు, 14 అడుగులు. పట్టీ మూడున్నర. మీ గ్రౌండ్ ఫ్లోరులో కౌంటర్ల హాలు ఎటూ ఉంది కదా, దాని సీలింగుని పదిన్నర కాకుండా 14కి పెంచమనండి. అప్పుడు పట్టీ సరిగ్గా బీమునీ స్లాబునీ దాచి, పైన మొదటి అంతస్తు కిటికీ గడప దగ్గర ఆగుతుంది. ముక్కోణం వద్దు, వసారా పైన చదరంగా స్లాబు వదిలేస్తే మొదటి అంతస్తు మీటింగు హాలుకి బాల్కనీ అవుతుంది, ఆగస్టు 15కి ప్రెసిడెంట్ గారు జెండా కూడా అక్కడి నుంచే ఎగరెయ్యొచ్చు. బేస్‌మెంట్ రెండున్నర అడుగులు చాలు, ర్యాంపు 30 అడుగులు, పక్క గోడ వెంట వేసుకోవచ్చు.

ముక్కోణం ఎందుకు వద్దంటున్నానంటే అందం మాట అటుంచి, అది వెనక గోడని తాకే చోట గాడి పడుతుంది. తుపాను వానకి నీళ్ళు అక్కడే నిలబడతాయి, ఆకులు పడి గొట్టం మూసుకుపోతుంది, రెండో ఏడు నుంచి లోపల సీలింగు మీద మరకలు. పాత కట్టడాల్లో రావి మొక్క మొలిచేదీ సరిగ్గా ఆ మూలలోనే. కోఠీ భవనం కూడా ఏళ్ళ తరబడి ఆలనాపాలనా లేక దెబ్బతిని, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకి ఎక్కింది. తర్వాత బాగుచేశారు కాబట్టి మీ కమిటీవాళ్ళకి అంత అందంగా కనపడింది.

కొరింథియన్ ఎందుకు వద్దంటే, పావురాలు. ఆ ఆకుల మధ్య గూడు పెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు వాటికి ఊళ్ళో దొరకదు. పైగా ఇప్పుడు దొరికే రెడీమేడ్ ఫైబర్, జీఆర్‌సీ (గాజు నార కలిపిన కాంక్రీటు) మౌల్డులు రెండు చెక్కలుగా వస్తాయి, వాటిని పిల్లరుకి బోల్టులతో బిగించి కీలులో పుట్టీ పెడతారు. ఒక ఫంక్షన్ హాల్లో ఆ బోల్టులు తుప్పుపట్టి సగం ముక్క ఊడి మెట్ల మీద పడింది, అదృష్టం బాగుండి ముహూర్తాలు లేని నెల. టస్కన్‌కి తలకట్టు రెండు మూడు సాదా అంచులే, షట్టరింగులోనే పోసేయొచ్చు, ఊడేదేమీ లేదు.

సెంట్రింగ్ మేస్త్రికి ఒక్కటి గట్టిగా చెప్పాలి. స్తంభం కింద నుంచి పైదాకా ఒకే లావు ఉండకూడదు. కింద మూడో వంతు తిన్నగా, అక్కడి నుంచి పైకి మెల్లగా సన్నబడి, పైన ఆరింట ఐదొంతులకి రావాలి. మీ లెక్కలో కింద 24 అంగుళాలు, పైన 20. ఆ సన్నబడటం కూడా తిన్నటి గీతలా కాదు, చిన్న వంపుతో. మామూలు రేకు డబ్బాతో రాదు, ఫైబర్ మౌల్డు ఒకటి చేయించి నాలుగింటికీ వాడుకోవాలి. మేస్త్రి 'ఎవరు చూస్తారు సార్ నాలుగంగుళాలు' అంటాడు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఇక్కడ మాత్రం తగ్గొద్దు. తిన్నటి గొట్టానికీ స్తంభానికీ తేడా అదొక్కటే.

కమిటీలో ఎవరైనా 'స్తంభాలు తగ్గితే హెడ్డాఫీసు హుందాతనం పోతుంది' అంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఫోటో చూపించండి. జాన్ సోన్ అనే ఆర్కిటెక్టు 1788 నుంచి 1833 దాకా దాని పని చూశాడు. దొంగల భయానికి బయటి గోడకి కిటికీలే పెట్టలేదు, వెలుతురంతా పై నుంచి, లోపలి వాకిళ్ళ నుంచి తెచ్చాడు. ఆయన కట్టిన లోపలి హాళ్ళు ఆ తర్వాత వందేళ్ళకి హెర్బర్ట్ బేకర్ తిరగకట్టినప్పుడు పోయాయి గానీ బయటి గోడ చాలా మటుకు ఇప్పటికీ ఉంది. డబ్బు దాచే సంస్థకి గట్టి గోడ చాలినంత హుందాతనం ఇస్తుందని నా అభిప్రాయం. మీ ముందు గోడని కూడా గ్లాసు, ఏసీపీ (అల్యూమినియం) షీట్ల జోలికి పోకుండా సాదాగా, మందంగా, కిటికీలు లోపలికి నొక్కి పెట్టమనండి. గ్లాసు గోడ ముందు టస్కన్ స్తంభాలు పెట్టిన ఒక ఆఫీసు నాకు తెలుసు, దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

ఆఖరుది, నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది, నేల. గుంటూరులో చాలాచోట్ల నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు వారుతుంది, వానకి ఉబ్బుతుంది. బిల్డింగు లోతైన పునాది మీద ఉండి, ముందు వసారా తర్వాత కలిపినట్టు పైపైన ఫుటింగుల మీద ఉంటే రెండూ వేరువేరుగా కదులుతాయి. వసారా స్లాబు గోడని కలిసే చోట అడ్డంగా బీట పడుతుంది. ఎన్నిసార్లు పూడ్చినా వానాకాలం వెళ్ళగానే మళ్ళీ వస్తుంది. స్తంభాలకి కూడా బిల్డింగుకి వేసిన రకం పునాదే వెయ్యాలి. రూర్కీలో కట్టడాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీబీఆర్ఐ వాళ్ళు నల్లరేగడి కోసమే తయారుచేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ ఉన్నాయి, అడుగున గడ్డలా వెడల్పవుతాయి, మన వైపు బాగా పనిచేస్తాయి. లేదంటే వసారాని బిల్డింగుకి అంటకుండా మధ్యలో సన్నటి జాయింటు వదిలి విడిగా నిలబెట్టాలి. ఏది మంచిదో మట్టి పరీక్ష చూడకుండా చెప్పడం తప్పు. సైటులో బోర్ వేయించారో లేదో రాయలేదు మీరు. రిపోర్టు ఉంటే నల్లమట్టి ఎన్ని అడుగుల లోతు దాకా ఉందో, ఫ్రీ స్వెల్, అంటే తడిస్తే మట్టి ఉబ్బే శాతం, ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి, పునాది గురించి అప్పుడు రాస్తాను.